దణ్ణానికి ఆగిన దూలం

చేపలు పట్టడం ఆగిపోయాక నేను ఇనుప పని చేపట్టాను.

ఈ మాట ఆ వేసవిలో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. దుకాణంలో అన్నాను, చర్చి మెట్ల మీద అన్నాను, పళ్ళ డాక్టరు నోట్లో అద్దం పెట్టినప్పుడు కూడా అనబోయాను. చివరికి మా ఆయన, "ఇంకొక్కసారి ఆ ముక్క అన్నావంటే నేను సముద్రంలోకి పోతాను లొరెట్టా, పడవ లేకుండా," అన్నాడు.

నా పేరు లొరెట్టా. అన్నమాటే రెట్టించి అనడం పేరులోనే ఉంది, నన్నేం చేయమంటారు. అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. గొంతు కాస్త పెద్దది. నేను వంటింట్లో గుసగుసలాడితే పొగమంచు బూర మోగిందనుకుని పడవలన్నీ వెనక్కి వచ్చేసేవని మా అత్త అంటుంది.

మా ఆయన అసలు పేరు ఇగ్నేషియస్. న్యూఫౌండ్‌లాండ్‌లో అంత పొడుగు పేరు పిలిచేలోపు అల కొట్టేస్తుంది కనక ఊరంతా నిష్ అంటారు. అంతకు ముందటి ఏడాది జూలైలో ప్రభుత్వం కాడ్ చేప పట్టకూడదని నిషేధం పెట్టినప్పుడు, "చూశావా, నిషేధంలో కూడా నీ పేరే ముందుంది," అన్నాను. నవ్వలేదు. ఇరవై ఆరేళ్ళు పడవ నడిపిన మనిషి ఆ రోజునుంచి వంటింటి కిటికీ దగ్గర కూర్చుని, రేవులో కట్టేసిన పడవ వంక చూస్తూ టీ చల్లారబెట్టుకునేవాడు. నేను పనిచేసే చేపల ఫ్యాక్టరీ కూడా మూసేశారు. ఇరవై రెండేళ్ళు చేపల పొట్ట కోసి బతికినదాన్ని, నా పొట్ట మీద కొట్టారు.

తొంభై మూడు మే నెలలో ప్రభుత్వం వాళ్ళే మళ్ళీ పిలిచారు. కొత్త పని నేర్చుకునేవాళ్ళు పేరు రాయించుకోవచ్చన్నారు. బల్ల మీద జాబితా పెట్టారు. జుట్టు కత్తిరించడం, కంప్యూటరు, పసిపిల్లల సంరక్షణ. అట్టడుగున ఇనుప పని, అంటే మేడలకి ఇనుప దూలాలు బిగించే పని. నేను దాని మీద వేలు పెట్టాను.

బల్ల వెనక అమ్మాయి నా వేలు వంకా నా మొహం వంకా చూసింది. "ఇనుప పని అంటే ఇస్త్రీ కాదండీ," అంది, జాలిగా.

"తెలుసమ్మా. ఇస్త్రీలో స్త్రీ ఉంది, మేస్త్రీలోనూ స్త్రీ ఉంది. నేను ఆ రెండో దాంట్లో స్త్రీని."

ఆ పిల్ల నాకో కాగితం ఇచ్చింది. సెయింట్ జాన్స్‌లో కడుతున్న ఏడంతస్తుల భవనం దగ్గర పన్నెండు వారాలు పనిచేయాలి. చివరి రోజు సాయంత్రం లోపల మేస్త్రీ ఆ కాగితం మీద సంతకం పెడితే కార్మిక సంఘం నన్ను మూడేళ్ళ శిక్షణలోకి తీసుకుంటుంది. పెట్టకపోతే లేదు. లేకపోతే సెప్టెంబరులో ఇంటి తలుపులకీ కిటికీలకీ చెక్కలు కొట్టేసి ఓంటారియో పోవాలని మేమిద్దరం అప్పటికే అనుకున్నాం. అక్కడ నిష్ చిన్నాన్న కొడుకు కోళ్ళ ఫ్యాక్టరీలో పని చూస్తానన్నాడు. మా అత్త మాత్రం, "మీరు చెక్కలు కొట్టండి. నేను లోపలే ఉంటా," అంది.

మా అత్త పేరు ఒనోరా. ఆవిడ భర్త, అంటే నిష్ తండ్రి, బాస్టన్‌లో ఇనుప పనిచేస్తూ పైనుంచి పడి పోయాడు. అందుకే నిష్ ఇనుము జోలికి పోకుండా నీళ్ళ జోలికి పోయాడు. ఆ ఇంట్లో ఇనుము అనే మాట ఎవరూ అనరు. నేను కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, "అత్తా, వినుము," అన్నాను. అంతవరకే అనగలిగాను.

ఆవిడ కాగితం చదివి, "నీ కాళ్ళకి బూట్లు కొనుక్కో. మంచివి," అంది. నిష్ కిటికీ వంక తిరిగిపోయాడు.

మా మేస్త్రీ పేరు ఆంబ్రోస్. పేరులో సగం రోసమే. పదిహేడో ఏట న్యూయార్కు వెళ్ళి నలభై ఏళ్ళు దూలాల మీద నడిచి, మోకాళ్ళు అరిగాక ఇంటికి తిరిగొచ్చినవాడు. మా వైపు ఆ వయసు వాళ్ళందరినీ బాబాయ్ అనే పిలుస్తాం.

"ఎత్తంటే భయమా?" అన్నాడు మొదటిరోజు.

"ఎత్తంటే భయం లేదు బాబాయ్. పైయెత్తంటేనే."

"చూడమ్మాయ్. ఇక్కడ నోటితో పనిలేదు. క్రేను మోతలో ఎవడి నోరూ ఎవడికీ వినపడదు. కళ్ళూ చేతులూ, అంతే."

"నా నోరు వినపడుతుంది."

"అదే నా భయం," అన్నాడు.

మొదటి వారం బోల్టులు ఏరాను. రెండో వారం బోల్టుల సంచులు మెట్ల మీదుగా మోశాను. బోల్టు సరిగ్గా పడకపోతే దూలం బోల్తా, నట్టు మరిచిపోతే నట్టేట మునిగినట్టు. తోక సన్నగా ఉండే పానా ఒకటి నడుముకి వేలాడేసుకోమన్నారు. ఆ తోక రెండు ఇనుముల కన్నాల్లోకీ గుచ్చి వాటిని కలపాలి. అది కింద పడేసుకుంటే కిందున్నవాడి పానం పోతుంది, అంచేత పానా మీద పానం పెట్టుకున్నాను. మూడో వారం రెండో అంతస్తు దూలం ఎక్కించారు. దూలం ఎక్కితే దూల తీరుతుందని నాకంటే ముందు ఎవరైనా అన్నారో లేదో తెలీదు. నిలబడలేక గుర్రం మీద కూర్చున్నట్టు అటో కాలూ ఇటో కాలూ వేసి, అంగుళం అంగుళం జరిగి అవతలి స్తంభం చేరాను, చేరి దాన్ని కౌగిలించుకుని స్తంభించిపోయాను. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి నిలబడ్డాను. మర్నాటికి నడిచాను.

నాకు ముందే వచ్చిన విద్య ఒకటే, తాళ్ళు. క్రేను దూలాన్ని లేపుతుంటే అది గాల్లో గిర్రున తిరిగిపోకుండా ఒక చివర తాడు కట్టి కింద మనిషి పట్టుకుంటాడు. రేవులో పుట్టినదానికి తాడు పట్టుకోవడం ఒకరు నేర్పాలా. నాలుగో వారంలో ఆంబ్రోస్ ఆ పని నాకిచ్చాడు. ఇంటికొచ్చి నిష్‌తో చెప్పాను. "తాడు చేతికి చుట్టుకోకు," అన్నాడు. ఆ ఏడాదిలో నా పని గురించి అతను అన్న మొదటి మాట అది.

ఆరో వారం మంగళవారం. అఖాతం మీంచి వచ్చిన పొగమంచు అప్పుడే విడుతోంది. ఆరో అంతస్తుకి పెద్ద దూలం లేస్తోంది. పైన చెరో స్తంభం మీద ఇద్దరు మనుషులు దాన్ని అందుకోవడానికి కాళ్ళు మెలిపెట్టి కూర్చున్నారు. దూలం నా తాడుకి అందనంత ఎత్తుకి వెళ్ళింది. తాడు వదిలాను. చేతులు ఖాళీ అయ్యాయి. అక్కడ వచ్చింది చిక్కు.

మా ఊళ్ళో పడవ రేవు విడిచాక, అది కొండ మలుపు దాటి కనుమరుగయ్యేదాకా ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి దణ్ణం పెట్టుకుంటారు. వేళ్ళలో వేళ్ళు గుచ్చి, రెండు చేతులూ రొమ్ము ముందు బిగించి. అత్త చేసేది, పెళ్ళయినప్పటినుంచీ నేనూ చేశాను, ఒక్క పొద్దు మానలేదు. బరువైనది ఏదైనా నేల విడిచి మనుషుల వైపు పోతుంటే నా చేతులు నన్ను అడగవు.

ఆకాశంలో దూలం టక్కున ఆగిపోయింది.

రెండు చేతులూ అలా రొమ్ము ముందు బిగిస్తే ఇనుప పనిలో అదొక సైగ, దానికి ఒకటే అర్థం. ఉన్నది ఉన్నట్టు ఆపు, బ్రేకులన్నీ బిగించు, ఎవరూ కదలొద్దు. పైకి, కిందికి, పక్కకి అని చెప్పే హక్కు ఒక్క మనిషికే ఉంటుంది. ఇది మాత్రం ఎవరు చూపించినా క్రేను ఆగాల్సిందే. మాకు మొదటిరోజే నేర్పారు. నేర్చుకున్నాను కూడా. నేర్చుకున్నది తల, జోడించింది చేతులు.

ఆంబ్రోస్ అరిగిన మోకాళ్ళతో పరుగెత్తుకొచ్చాడు. "ఏం చూశావు? కొక్కెం జారిందా? గొలుసు తెగుతోందా?"

"ఏం చూళ్ళేదు బాబాయ్."

"మరి?"

"దణ్ణం పెట్టుకున్నా."

ఆయనకి అర్థం కాలేదు. చుట్టూ మూగినవాళ్ళకి అర్థమైంది, ఒకడు పక్కకి తిరిగి నవ్వాడు. నాకు నవ్వు వినపడితే చాలు. "ఇనుప దండం కదా, దండానికి దండం పెట్టా," అన్నాను.

ఇంకో ఇద్దరు నవ్వారు. ఆంబ్రోస్ అరవలేదు. వేలు పైకి చూపించాడు. "వాళ్ళని చూడు," అన్నాడు. స్తంభాల మీద ఇద్దరూ గాలికి తలలు వంచి, రెండు చేతులా ఇనుముని వాటేసుకుని, తలమీద వేలాడుతున్న దూలం కింద అట్లా ఉండిపోయారు. "నువ్వు ఇక్కడ నవ్విస్తున్నావు. వాళ్ళు అక్కడ ఉన్నారు."

గొలుసులన్నీ ఒక్కొక్కటే చూసి, బ్రేకులు విప్పి, దూలాన్ని మళ్ళీ కదిలించడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. అంతసేపూ నేను పైకే చూస్తూ నిలబడ్డాను, చేతులు వెనక్కి కట్టుకుని.

"రేపట్నుంచి బోల్టుల గదిలో ఉండు," అన్నాడు ఆంబ్రోస్. "ఆ కాగితం మీద నా సంతకం కోసం చూడకు."

ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్పాను. కాగితం సంచీలోంచి తీసి బల్ల మీద పడేశాను. వంటింటి మంచం మీద పడుకున్న మా అత్త లేచి కూర్చుంది.

"ఆ పైనున్నవాళ్ళు నీకేమవుతారే?" అంది.

"ఏమీ అవరు అత్తా. ఒకడి పేరు కూడా తెలీదు. అలవాటు."

ఆవిడ తన చేతుల వంక చూసుకుంది. "మీ మామ ఎక్కిన రోజు పెట్టడానికి నేను అక్కడ లేను," అంది. మళ్ళీ పడుకుంది.

నిష్ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పోనీలే. కోళ్ళు నీటి మీద తేలవు, మునగవు. భయంలేని పని," అన్నాడు. అది అతను నాకోసం తయారుచేసిన హాస్యం. నేను నవ్వలేకపోయాను. ఆ తర్వాత మూడు రోజులు నా నోట్లోంచి ఒక్క శ్లేష రాలేదు. నాలుగో రోజు నిష్ నా నుదురు ముట్టుకు చూశాడు.

బోల్టుల గది అంటే రేకుల డబ్బా. ఆగస్టు వచ్చింది. బయట ఉక్కు, లోపల ఉక్కపోత. రోజంతా కొలతల ప్రకారం బోల్టులు డబ్బాల్లో వేసి, అడిగినవాడికి అందించడం. మానేసి పోవచ్చు. కానీ ఎనిమిదో వారం వచ్చినా మానలేదు. ఎందుకని అడిగితే చెప్పలేను. పైనుంచి పానాల చప్పుడు వినపడుతుంటే ఎన్నో దూలం, ఏ మూల అని లెక్కగట్టుకునేదాన్ని.

తొమ్మిదో వారం గుమ్మంలో ఒక నీడ పడింది. క్రేను నడిపే హెడ్లీ. అతను అఖాతం అవతలి ఒడ్డువాడు, ఆదివారాలు సాల్వేషన్ ఆర్మీ చర్చి బ్యాండులో బాకా ఊదుతాడు, మిగతా ఆరు రోజులూ నోరు విప్పడు. పొద్దున్న క్రేను ఎక్కితే సాయంత్రం దాకా దిగడని ప్రతీతి. పగలు పదకొండింటికి నేల మీద అతన్ని చూడటం నాకు దయ్యాన్ని చూసినట్టయింది.

"దణ్ణం పెట్టింది నువ్వేనామ్మా?" అన్నాడు.

"నేనేనండీ. క్షమించమని ఇప్పుడు మీకూ ఒకటి పెడదును గాని, మళ్ళీ ఏదైనా ఆగిపోతుందేమోనని భయం."

అతని మూతి ఒక పక్క కాస్త కదిలింది. బోల్టుల పెట్టె మీద కూర్చున్నాడు. "సైగలిచ్చే పాట్రిక్ ఓంటారియో పోయాడు. ఇప్పుడో కుర్రాణ్ణి పెట్టారు. వాడు దోమలు తోలుకుంటున్నాడో, దూలం దింపమంటున్నాడో నాకు తెలీట్లేదు. నిన్న ఎడమకి తిప్పమన్నాడనుకున్నా. తుమ్మాడట."

"అయ్యో."

"అక్కణ్ణుంచి నాకు మొహాలు కనపడవు. చేతులొక్కటే. ఆ రోజు నువ్వు చూపించావే, ఈ ఏడాది మొత్తంలో నాకు అనుమానం లేకుండా అర్థమైన సైగ అదొక్కటే. కళ్ళు మూసుకుని ఆపేశా."

"అది సైగ కాదండీ. ప్రార్థన."

"పైనున్నవాడికి రెండూ ఒకటేనమ్మా," అన్నాడు హెడ్లీ, లేచి దుమ్ము దులుపుకుంటూ.

నాకు అసూయ వేసింది. అంత మంచి మాట నేను పుట్టినప్పట్నుంచీ అనలేదు.

అతను తిన్నగా ఆంబ్రోస్ దగ్గరికి వెళ్ళి, ఆవిడ సైగలిస్తే ఎత్తుతాను, లేకపోతే బాకా తెచ్చుకుని అక్కడే కూర్చుంటానన్నాడట. సాయంత్రం ఆంబ్రోస్ గది దగ్గరికొచ్చాడు. లోపలికి రాలేదు.

"రేపు. ఒక్కరోజు," అన్నాడు. "ఒక్క వేలు ఊరికే కదిలినా మళ్ళీ ఇక్కడే."

అసలు ఇబ్బంది అదే. నేను మాట్లాడేటప్పుడు నోరొకటే మాట్లాడదు. చేతులు రెండూ పక్క వాద్యాలు. దుకాణంలో సబ్బు అడిగితే అల్మరాలో సగం సరుకు కింద పడుతుంది.

ఇంటికెళ్ళి చెప్పాను. నిష్ కిటికీ దగ్గరనుంచి లేచాడు. కొట్లోంచి సన్నతాడు తెచ్చి, టీ కెటిల్ పిడికి కట్టి, ఇంటికప్పుకి ఉన్న కొక్కెం మీంచి తాడు దింపి, రెండో కొస పట్టుకుని గదిలో అవతలి మూల నిలబడ్డాడు. కెటిల్‌లో నిండా నీళ్ళు పోశాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"నేను క్రేను. పొయ్యి మీదకి దింపించు."

చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాను. కెటిల్ లేచింది. వేలు కిందికి తిప్పాను. దిగింది. బాగానే ఉందనుకుంటుండగా కెటిల్ సర్రున పక్కకి పోయి చక్కెర గిన్నెని పగలగొట్టింది.

"ఎందుకు తిప్పావు?"

"నువ్వు చెవి గోక్కున్నావు."

"చెవి దురదపెడితే కెటిల్ తిప్పుతావా?"

"హెడ్లీ తిప్పడా?" అన్నాడు నిష్. మొహంలో నవ్వు లేదు. "మళ్ళీ."

"ఎడం చెయ్యి జేబులో పెట్టుకోవే," అంది మంచం మీంచి మా అత్త. "కుడి చేతికి బుద్ధుంది. నీ ఎడం చెయ్యికే మీ పుట్టింటి పోలిక వచ్చింది."

పదకొండుసార్లు చేశాం. నిష్ చేతులు తాడు మీద ఎలా జరుగుతున్నాయో నేను చూస్తూనే ఉన్నాను, ఏడాదై ఆ చేతులు ఏ తాడూ పట్టలేదు. పన్నెండోసారి కెటిల్ చుక్క తొణక్కుండా పొయ్యి మీద కూర్చుంది. ఆ నీళ్ళతోనే టీ పెట్టాడు. వేడిగా తాగాడు.

మర్నాడు ఎడం చెయ్యి జేబులోనే ఉంది. ఆ మర్నాడూ ఉంది. ఒక్కరోజన్నది వారమైంది, వారం మూడు వారాలైంది. ఆ మూడు వారాలూ పని జరిగేటప్పుడు నేను నోరు మెదపలేదు. కుర్రాళ్ళు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు. ఒకడు నా డబ్బాలో పటికబెల్లం పెట్టి పోయాడు. వచ్చిన శ్లేషలన్నీ దాచుకుని టీ వేళలో ఒక్కసారే వదిలేదాన్ని. అప్పుడు మాత్రం ఆ కుర్రాడు పటికబెల్లం వెనక్కి అడిగేవాడు.

ఆంబ్రోస్ కాగితం ఊసెత్తలేదు. గురువారం, చివరి రోజుకి ముందురోజు, నా పక్కనుంచి పోతూ, "రేపు ఆ కాగితం తెచ్చుకో. చూద్దాం," అన్నాడు.

కాగితం నా దగ్గర లేదు. నిష్ జేబులో పెట్టుకున్నాక నేను మళ్ళీ చూడలేదు, అడగలేదు. ఇంటికెళ్ళి అడిగాను.

"ఆ చొక్కా ఎన్నిసార్లు ఉతికావో," అన్నాడు. "వెతుకుతాలే." కిటికీ వంక తిరిగాడు.

చించేశాడనుకున్నాను. తండ్రిని మింగిన పనిలోకి పెళ్ళాన్ని పంపే కాగితం. చించితే తప్పుపట్టగలనా. పొద్దున్న నేను బయల్దేరేటప్పటికి అతను గదులన్నీ తలకిందులు చేస్తున్నాడు, మా అత్త పరుపుతో సహా. ఆఫీసువాళ్ళని కొత్తది అడిగితే వారం పడుతుంది. నాకున్నది ఆ ఒక్క రోజు.

ఏడో అంతస్తు, ఆఖరి దూలం. ఈసారి నేను కూడా పైనే ఉన్నాను, దూలం కూర్చునే మూల దగ్గర, నడుముకి తాడు కట్టుకుని. గాలి అఖాతం మీంచి తిన్నగా వస్తోంది. పక్కన ఆంబ్రోస్. అవతల క్రేను గదిలో హెడ్లీ మొహం నాకు కనపడదు, నా మొహం అతనికి కనపడదు. దూలం మా ఎత్తుకి వచ్చి, మమ్మల్ని దాటి, తలమీద ఆగింది. వేలు కిందికి తిప్పడం మొదలుపెట్టాను.

అప్పుడు కింద వీధిలో ఒక మనిషి కనిపించాడు. చేతిలో తెల్లటిది ఏదో ఉంది. దాన్ని తలమీదికెత్తి ఊపుతున్నాడు. టోపీ పెట్టుకున్న తీరు చూస్తే చాలు, నిష్. గంటన్నర కారు నడిపి వచ్చాడు. ఇనుము ఉన్న వీధిలోకి అతను రావడం నాకు తెలిసి అదే మొదలు.

నా ఒంట్లో ఉన్న ప్రతి ఎముకా చెయ్యి ఊపమంది. గొంతు చించుకుని అరవమంది. ఎడం చెయ్యి జేబులో పిడికిలి పట్టింది. కుడి చేతి వేలు చిన్న చిన్న సున్నాలు చుడుతూనే ఉంది. నేను చెయ్యి ఊపితే ఆరు టన్నులు ఊగుతాయి, రెండడుగుల దూరంలో ఇద్దరు మనుషులున్నారు.

నిష్ మరో రెండుసార్లు ఊపాడు. తర్వాత ఆపేశాడు. చెయ్యి మెల్లగా దించి, కాగితాన్ని ఛాతీకి అదిమి పట్టుకుని, వీధి మధ్యలో కదలకుండా నిలబడ్డాడు. పక్కనుంచి పోయే కార్లు హారన్లు కొట్టినా కదల్లేదు.

దూలం కూర్చుంది. ఇద్దరూ పానాలు గుచ్చి, బోల్టులు వేశారు. నేను అరచెయ్యి కిందికి పెట్టి, చెయ్యి బారుగా చాపాను. క్రేను ఆగింది.

"ఎవరా మనిషి?" అన్నాడు ఆంబ్రోస్. "ఇందాక కాగితం ఊపాడు. ఇప్పుడు కొయ్యలా నిలబడిపోయాడు."

"మా ఆయన బాబాయ్."

"ఏం కావాలిట?"

"మీ సంతకం."

ఆంబ్రోస్ కొంచెం ముందుకి వంగి కిందికి చూశాడు. చొక్కా జేబు తడుముకున్నాడు, తర్వాత ప్యాంటు జేబులు.

"పెన్ను కింద కోటులో ఉండిపోయింది," అన్నాడు. "ముందు కొక్కెం తీయించు. తీయించి, ఇద్దరం దిగుదాం."

వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాను. హెడ్లీ కొక్కెం మెల్లగా ఆకాశంలోకి లాక్కున్నాడు.